పదకొండో మోడు

మా అత్త సెలెరీనాను మట్టిలో పెట్టి నలభై రోజులు దాటింది. ఆ రోజు పెట్టె దించాక, ఎవరైనా నాలుగు మాటలు చెప్పండని పాదిరిగారు అడిగితే లాచిగో ఊరంతా నా వైపే చూసింది. నేను టోపీ తీసి "అంతా ఆవిడ దయ" అన్నాను. అంతే, టోపీ మళ్ళీ పెట్టుకుని వెనక్కి జరిగాను. వెనక నుంచి ముసలి సెనోబియో, "గాడిదల మీదైతే గంటసేపు అరుస్తాడు. ఇక్కడ మాత్రం నోరు పెగల్దు" అని గొణిగాడు. ఆయనన్నది నిజమే. నాకు అరవడం వచ్చు గానీ మాట్లాడ్డం రాదు. అందుకే ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు తీరిగ్గా చెప్పుకుంటున్నాను. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మాత్రం ఊరుకోను.

సెలెరీనా నా భార్య ఒబ్దూలియాకు పెద్దమ్మ. ఒబ్దూలియా తల్లి పురిట్లోనే పోతే, ఆ పసిగుడ్డును వీపుకు కట్టుకుని పెంచింది. వెనక పిల్ల, ముందు మెస్కాల్ సారా కాచే బట్టీ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దున పొయ్యి, సాయంత్రం ఊట. ఇంక మొగుణ్ణెప్పుడు చూసుకోను?" అనేది. మనిషి పొట్టి. ఒకే జడ, టైరు చెప్పులు, ముక్కు మీద కోపం. ఆమె తిట్టని మనిషి మా ఊళ్ళో లేడు. ఆమె చేతి మెస్కాల్ పడకుండా పుట్టిన బిడ్డా లేదు, పోయిన ముసలీ లేదు.

మా కొండల్లో మెస్కాల్ కాచేది మగవాళ్ళే. ఆడమనిషి ఊట పులిసే తొట్టి దగ్గరికొస్తే ఊట విరిగిపోతుందని ఒక నమ్మకం. సెలెరీనా తండ్రికి కొడుకుల్లేరు. ఆయన ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, పెద్దకూతుర్ని పక్కన కూచోబెట్టుకున్నాడు. ముళ్ళ ఆకుల కిత్తనార మొక్క గడ్డల్ని గుంటలో ఎర్రగా కాలిన రాళ్ళ మీద పేర్చి, మట్టి కప్పి, నాలుగు రోజులు మగ్గనివ్వడం నేర్పాడు. వాటిని కర్ర రోకళ్ళతో దంచడం, ఊట వెయ్యడం, మట్టికుండల్లో కాచడం, అన్నీ నేర్పాడు. ఆయన పోయిన ఏడు, ఊరి అమ్మవారు సాంతా ఉర్సులా పండక్కి మెస్కాల్ ఎవరు కాయాలని తర్జనభర్జన జరిగింది. ఇరవయ్యేళ్ళ సెలెరీనా ఎవర్నీ అడగలేదు. ఒక జాడీ నెత్తిన పెట్టుకుని వచ్చి, గుడి మెట్ల మీద దించి, పక్కనే చతికిలబడింది. "తాగి చూడండి. చెడిపోయిందని ఒక్కరు అన్నా నా చేత్తో బట్టీ పగలగొట్టేస్తా" అంది. మధ్యాహ్నం దాకా ఒక్కడూ దగ్గరికి రాలేదట. తర్వాత ఒక ముసలాయన వచ్చి ఒక చిప్పెడు తాగాడు. మాట్లాడకుండా ఇంకో చిప్ప పట్టాడు. ఆనాటి నుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళు పండగ మెస్కాల్ ఆమెదే.

ఆమెకొక అలవాటుండేది. మొక్క కొట్టే ముందు దాని ఆకు మీద చెయ్యేసి, "పన్నెండేళ్ళు ఎండలో కూచున్నావు తల్లీ మా కోసం. చల్లగా పో" అనేది. గుంటకు మట్టి కప్పేటప్పుడు గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ విసిరి, దిష్టిని నాలుగు తిట్లు తిట్టేది. కాచాక రెల్లుగొట్టంతో మెస్కాల్ నోటితో పీల్చి, ఎండిన కాయచిప్పలోకి ధారగా వదిలేది. చిప్పలో బుడగలు లేస్తాయి. మేం వాటిని ముత్యాలంటాం. ముత్యాలు ఎంతసేపు నిలబడితే అంత గట్టి సరుకు. నేను ఒకటీ రెండూ అని లెక్కపెట్టేలోపు ఆమె తేల్చేసేది, "నీళ్ళెక్కువ" అనో, "ఇంకాస్త ఆగాలి" అనో. ఎవరు తాగినా, మొదట మూడు చుక్కలు నేలకు పోయాల్సిందే. మరిచిపోతే చేతి మీద ఒక్కటిచ్చేది, అది పాదిరిగారి చెయ్యయినా సరే.

నేను ఆ ఇంటికి ఇల్లరికపుటల్లుడిగా వచ్చాను. మాది కింద నది ఒడ్డున ఇటుకలు కాల్చే ఊరు. కిత్తనారకీ నాకూ చుట్టరికం లేదు. గాడిదల్ని తోలడం ఒక్కటే వచ్చు. పెళ్ళయిన మూడో రోజే చేతికి కత్తి ఇచ్చి కొండెక్కించింది. నేను కొట్టిన మొక్కను చూసి, "ఏవయ్యా అల్లుడూ, ఇది కోతా, నమిలి ఉమ్మావా?" అంది. ఆ మాట ఊరంతా పాకింది. చిన్నపిల్లలు కూడా నన్ను చూసి చెరుకు నమిలినట్టు దవడలాడించి పారిపోయేవాళ్ళు. ఎనిమిది నెలలు ఆమె కింద పని చేశాను. అరచేతులు కాయలు కాశాయి. కానీ ఒక్కసారైనా "బాగుంది" అన్న మాట ఆమె నోట రాలేదు. ఇంట్లో ఒబ్దూలియా దగ్గర విసుక్కునేవాణ్ణి.

"మీ పెద్దమ్మకి నోట్లో ఆ ఒక్క మాటకి చోటు లేదా?"

"మెచ్చుకుంటే ఊట చెడుతుందని భయం" అని నవ్వేది ఒబ్దూలియా.

ఇక అసలు సంగతికి వస్తాను.

కిత్తనార బతుకంతా కలిపి ఒక్కసారే పూస్తుంది. నడిమధ్యలోంచి మనిషిని మించిన కాడ లేస్తుంది. పూసి, గింజ రాల్చి, మొక్క చచ్చిపోతుంది. ఆ కాడ తలెత్తగానే కోసేస్తే పువ్వుకు పోవలసిన తీపంతా గడ్డలోనే నిలిచిపోతుంది. అలా కోసి ఏడాది ఆగిన గడ్డతో కాచిందే మేలైన మెస్కాల్. అందుకే కాడ కనబడితే మా వాళ్ళ చెయ్యి ఊరుకోదు. మొదలంటా, నున్నగా, మొగ్గ జాడ మిగలకుండా తవ్వి తీయాలి. మంచి కోతంటే అది.

కొండ మీద తోబలా అని ఒక రకం ఉంది. రాళ్ళ సందుల్లో పెరిగే పొట్టి కిత్తనార, అన్నిటికంటే కమ్మనిది. మామూలు కిత్తనార తల్లి చుట్టూ పిలకలు పెడుతుంది, పీకి నాటుకోవచ్చు. తోబలాకు పిలక రాదు. గింజ రాలితేనే పిల్ల. కొన్నేళ్ళుగా పట్నం నుంచి లారీలొచ్చాయి, కొండ ఖాళీ అయింది. లారీలవాళ్ళని అని ఏం లాభం, గడ్డలు మోసుకెళ్ళి ఎక్కించింది మేమేగా. చివరికి పైగట్టు మీద పదకొండు ముసలి మొక్కలు మిగిలాయి. వాటిని ఎవరూ తాకకూడదు, పూసి గింజ రాల్చాలి, తాకినవాడికి ఇక కొండ మీద హక్కు లేదని ఊరి సభలో తీర్మానించుకున్నారు. కొండ ఊరందరిదీ. కొండ మీద హక్కు లేనివాడికి మా ఊళ్ళో బతుకు లేదు, మూట కట్టుకుని పోవడమే.

ఆ సభ జరిగిన వారం నేను మా అన్న ఇటుకబట్టీలో సాయానికి వెళ్ళాను. తిరిగొచ్చాక నాకెవరూ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతిని ప్రత్యేకంగా ఎవరు చెబుతారు?

ఆగస్టు వానల్లో అత్త మెట్టు జారి మోకాలు బెణికించుకుంది. కాలికి ఆకుపసరు కట్టుకుని, వాకిట్లో మొక్కజొన్న వొలుస్తూ, కనబడ్డవాణ్ణల్లా తిడుతూ కూచుంది. నేను గాడిద తప్పిపోతే వెతుక్కుంటూ పైగట్టెక్కాను. అక్కడ చూస్తే పదకొండు తోబలాలు, పదకొండూ కాడలెత్తి! మూడడుగులు, నాలుగడుగులు. ఇంకో వారం ఆగితే తీపంతా పువ్వుకు పోతుంది. పాపం అత్త కొండెక్కలేదు, ఎవరూ చూసుకోలేదు అనుకున్నాను. ఇవాళైనా ఆ మాట అనకపోతుందా అనుకున్నాను. కత్తి తీశాను. పది మొక్కలకు దేవుడి ఎదుట చేసినంత శ్రద్ధగా చేశాను. మొదలంటా తవ్వాను, నున్నగా చెక్కాను. పదకొండోది గట్టు అంచున లోయలోకి వాలి ఉంది. అప్పుడే కుండపోత మొదలైంది. కాలు జారుతోంది. ఒంటి చేత్తో వేరు పట్టుకుని రెండు వేట్లు వేశాను. కాడ తెగింది. జానెడు మోడు ఏటవాలుగా, చీలికలు పేలికలుగా మిగిలిపోయింది. సరేలే, పదకొండులో ఒకటేగా అని దిగిపోయాను.

తడిసి ముద్దయి వాకిట్లోకి రాగానే అరిచాను.

"అత్తా! పైగట్టు మీద కాడలన్నీ తీసేశాను. పదకొండూ!"

ఆమె చేతిలో కంకి ఆగిపోయింది.

"ఏ గట్టు?"

"పైగట్టే. తోబలాలు. ఇంకో వారమైతే పూసేసేవి. నీకు కాలు బాలేదు కదా అని..."

లోపల ఒబ్దూలియా చేతిలోంచి పళ్ళెం కిందపడిన చప్పుడు వినబడింది. అత్త కంకి కింద పడేసింది. కర్ర అందుకుంది. ఆ వానలో, ఆ మోకాలితో, నన్ను రావద్దని చెయ్యి ఊపి, కొండెక్కింది. నేనూ ఒబ్దూలియా వెనకే నడిచాం. దారిలో ఒబ్దూలియా ఏడుస్తూ సభ తీర్మానం చెప్పింది.

పైన అత్త ఒక్కో మొక్క దగ్గరా ఆగి, మోడు మీద అరచెయ్యి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. పదకొండోదాని దగ్గర చీలికల్ని వేలితో తడిమింది. "ఇదేం కోతయ్యా?" అంది మెల్లగా. ఆ ఒక్క మాటే. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "ఆదివారం సభ దాకా ఎవరితోనూ అనకు" అంది.

శనివారమే ఊరికి తెలిసిపోయింది. మేకలు కాసేవాడు చూసి వచ్చి చెప్పాడు. ఆదివారం పూజ అయ్యాక అందరూ సభ వసారాలో కూచున్నారు. ఒప్పేసుకోవాలని నేను గట్టిగా అనుకున్నాను. అప్పటికే ఒబ్దూలియాకు మూడో నెల. తను నా చొక్కా అంచు పట్టుకుని కూచుంది. ఆపడానికి కాదు, నాతో పాటు లేవడానికి. కొండ వ్యవహారాలు చూసే పెద్ద పాన్‌ఫిలో లేచి, గొంతు సవరించుకున్నాడు.

"పైగట్టు తల్లిమొక్కల్ని కోసేశారు. కోసినవాళ్ళు..."

"నేనే" అంది అత్త.

అప్పటికే ఆమె కర్ర ఊతంగా లేచి నిలబడి ఉంది. సెనోబియో నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. పాన్‌ఫిలో తన టోపీ తీసి అంచు సవరించుకున్నాడు.

"నీ చేత్తోనేనా సెలెరీనా?"

"నా చేత్తోనే."

"పదకొండూ?"

"పదకొండూ."

"ఆ పదకొండోది కూడానా?"

"అదీ నేనే. చెయ్యి వణికింది. ముసలిదాన్ని కానా?"

నేను లేవబోయాను. ఆమె వెనక్కి తిరగకుండానే కర్ర నా పాదం మీద మోపింది. మోపడమంటే మామూలుగా కాదు, ఆ బొటనవేలు గోరు మళ్ళీ రావడానికి మూడు నెలలు పట్టింది. పాన్‌ఫిలో తీర్పు చెప్పాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ పండగ మొహం చూసి ఊరొదలమనలేదు గానీ, ఆ తల్లిమొక్కల పిల్లలు కోతకొచ్చేదాకా సెలెరీనా కొండ మొదట్లోని తెల్లరాయి దాటకూడదు. అప్పటిదాకా పండగ మెస్కాల్ కూడా కాయకూడదు. గింజే లేదు, ఇంక పిల్లలెక్కడివి? అంటే బతికినంత కాలమూ అని అందరికీ అర్థమైంది. ఆమె తలూపి కూచుంది.

ఇంటికొచ్చే దారిలో నా ఒళ్ళు మండిపోయింది. కృతజ్ఞత అనుకునేరు, కాదు. కోపం.

"నిన్నెవరు లేవమన్నారు? నా తప్పు నేను ఒప్పుకోలేనా? ముప్ఫై ఎనిమిదేళ్ళ పండగ అత్తా!"

"అరవకు. గాడిద బెదురుతుంది" అంది. కాస్త దూరం నడిచాక ఆగింది. "పండగ మెస్కాల్ నేను కాయకపోతే ఇంకొకడు కాస్తాడు. నువ్వు ఊరొదిలి పోతే దీని కడుపులో బిడ్డకి ఇంకో తండ్రిని నేనెక్కణ్ణించి తేను? అయినా పైగట్టు సంగతి నీకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. సగం తప్పు నాదే. మిగతా సగం కూడా నేనే మోస్తే ఏం, నా నడుమేమైనా విరిగిందా?"

నేను గాడిద తాడు అందుకుని ముందు నడిచాను.

ఆ ఏడు పండగ మెస్కాల్ సెనోబియో కాచాడు. ఆయన మంచివాడే గానీ నిప్పు దగ్గర తొందర. కుండ అడుగంటింది. తాగినవాళ్ళంతా మొహాలు చిట్లించి, అటూ ఇటూ చూస్తున్నారు. అత్త ముందుకెళ్ళి చిప్ప అందుకుంది. మూడు చుక్కలు నేలకు పోసి, మిగతాది ఒక్క గుక్కలో తాగి, అందరికీ వినబడేలా "బాగుంది" అంది. ఇక అందరూ తాగారు. నేను మాత్రం చిప్ప పక్కన పెట్టేశాను. దేనికీ పనికి రాని ఆ మాడు సరుక్కి ఆ మాట! ఇంటికొచ్చి అడిగేశాను.

"మర్యాదకి అన్నానయ్యా" అంది. "పండగ పూట ఒకడి మొహం మాడిస్తామా, సరుకు మాడింది చాలక?"

నవంబరులో ఒక పొద్దున ఆమె నన్ను పిలిచింది. తెల్లరాయి దాటి వెళ్ళకూడదు కదా, అందుకని.

"పైగట్టెక్కి ఆ పదకొండోదాన్ని చూసి రా. జానెడు కాడ మిగిల్చావు కదా. కాడ మిగిలితే మొక్క ఒక్కోసారి ఊరుకోదు."

వెళ్ళాను. పది మొక్కలూ ముసలమ్మల్లా ముడుచుకుని కూచున్నాయి. పదకొండోదాని దగ్గర చీలికల మోడు చుట్టూ, ఆకు మొదళ్ళలోంచి, చేతివేళ్ళలా ఏడు చిన్న కాడలు. వాటి నిండా పసుపుపచ్చ మొగ్గలు! ఎలా దిగానో నాకు తెలీదు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. కింద తెల్లరాయి దగ్గర అత్త నిలబడి ఉంది, పొద్దుట్నించీ అక్కడే ఉందట.

"పూస్తోంది అత్తా! ఏడు కాడలు!"

ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ నవ్వుతోంది.

"నువ్వు మంచి పనివాడివైతే కొంప మునిగేదయ్యా! మొదలంటా తవ్వేసేవాడివి. నీ చేతకానితనానికి దండం పెట్టాలి" అని, నిజంగానే నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. అత్తగారు అల్లుడి చేతులు కళ్ళకద్దుకోవడమేమిటి! నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

మేకలకు ఆ పువ్వులంటే ప్రాణం. మొక్క చుట్టూ ముళ్ళకంప కట్టి, నాలుగు నెలలు పగలంతా ఆ గట్టు మీదే కూచున్నాను. నిండు చూలాలు ఒబ్దూలియా తెల్లరాయి దాకా రొట్టెలూ చిక్కుడుగింజలూ తెచ్చేది. అక్కణ్ణించి అత్త గొంతు, "నిద్రపోతున్నావా అల్లుడూ?" అని. నిద్రపోతే ఆ గొంతుకే లేచేవాణ్ణి. గబ్బిలాలు వచ్చి వాటి పని అవి చేసుకుపోయాయి. మా అబ్బాయి పుట్టిన వారంలోనే కాయలెండాయి. అత్త వాటిని ఒబ్దూలియా పైట మీద దులిపి, తెల్ల తాలుగింజల్ని ఉఫ్ అని ఊది, నల్లవి ఏరింది. ఒడిలో మనవడు, ముందు గింజలు. ఏది ఎక్కువ ముద్దు చేసిందో నేను చెప్పలేను.

వానలు పడగానే పెరట్లో మేకపెంటా ఇసకా కలిపి మడి కట్టింది. మూడేళ్ళు వాటి మీద ఎండ పడకుండా, పడకపోకుండా చూసింది. తర్వాత ఊరంతా కూలీనాలీ లేకుండా ఒక రోజు పనికొచ్చి, ఆరువందల మొక్కలు కొండ మీద నాటింది. సెలెరీనా తెల్లరాయి ఇవతలే నిలబడి కేకలు. "సెనోబియో! నీకు కళ్ళున్నాయా? అది రాయి నీడనా, నీ నీడనా? నువ్వెళ్ళిపోతే దానికి నీడెక్కడిది?" పాన్‌ఫిలో దిగొచ్చి, "పోన్లే సెలెరీనా, ఇవాళ్టికి పైకి రా, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "తీర్పు చెప్పింది నువ్వే, తప్పమనేదీ నువ్వేనా?" అంది. పదమూడేళ్ళలో ఆ రాయి మీద ఆమె చెయ్యేసింది గానీ, కాలు అవతల వెయ్యలేదు. ఇంటి చేలో పెంచిన మామూలు కిత్తనారతో బట్టీ నడుపుకుంది. నాకు పని నేర్పింది. మధ్యలో పండగ మెస్కాల్ ముగ్గురి చేతులు మారింది. ఎవరిది తాగినా ఆమె "బాగుంది" అనేది. నాది తాగినప్పుడు మాత్రం రెల్లుగొట్టం దులిపి, "ఊఁ" అనేది.

మొదటి తోబలాలు కాడలెత్తిన ఏడు, ముప్ఫై మాత్రం కోసి మిగతావి పూతకు వదలాలని సభ తేల్చింది. కోసింది నేనే. ముప్ఫై మోడులూ అద్దంలా ఉన్నాయి. మరుసటేడు వాటిని కొట్టే రోజు, పాన్‌ఫిలో స్వయంగా వచ్చి తెల్లరాయి దగ్గర ఆమెకు చెయ్యి అందించాడు. ఆమెకప్పుడు డెబ్భై ఒక్క ఏళ్ళు, అయినా చెయ్యి పట్టుకోలేదు. రాయి మీద మూడు చుక్కలు పోసి, దాటి, కొండెక్కింది. మొదటి మొక్క ఆకు మీద చెయ్యేసింది గానీ ఎప్పుడూ చెప్పే మాట రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

పండగనాడు గుడి ముందు ఊరంతా పోగైంది. టర్కీకోడి కూర ఉడుకుతోంది, బాజాలు మోగుతున్నాయి. మెట్ల మీద జాడీ. ఆనవాయితీ ప్రకారం కాచినవాళ్ళ పేరు పెద్ద పిలవాలి, వాళ్ళొచ్చి మొదటి చిప్పలోంచి మూడు చుక్కలు నేలకు పోసి తాగాలి. పాన్‌ఫిలో "సెలెరీనా" అని పిలిచాడు. ఆమె లేవలేదు.

"నేను పక్కన కూచుని తిట్టానంతే. కాచింది మా అల్లుడు ఎవెన్సియో. వాణ్ణి పిలవండి" అంది.

మెట్ల దాకా ఎలాగో నడిచాను. చేతికి చిప్ప ఇచ్చారు. చుట్టూ చూశాను. పదమూడేళ్ళుగా గొంతులో ఎముకలా ఉన్నది ఇక ఆగలేదు.

"ఆగండి! ఇది నేను తాగలేను. ఆ పదకొండు మొక్కలూ కోసింది నేను. ఆవిడ కాదు. నేనే!"

బాజాలు ఆగిపోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు సెనోబియో పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిట్రా నీకు?"

ఊరంతా నవ్వు. ఆడవాళ్ళు కూడా. నేను బిత్తరపోయి చూస్తున్నాను.

"జానెడు మోడు, ఏటవాలు వేటు, నమిలి ఉమ్మినట్టు! అది సెలెరీనా కోతంటే మా ఇంట్లో మేక కూడా నమ్మదు" అన్నాడు సెనోబియో.

"సభకి ముందురోజే ఆరుగురం పైకెళ్ళి చూసొచ్చాం" అన్నాడు పాన్‌ఫిలో. "ఆ ఆదివారం నేను లేచింది నీ పేరు చదవడానికే. నాకంటే ముందు ఈవిడ లేచింది. ఆవిడ లేచి నిలబడ్డాక మేం నోరు మూసుకోక ఏం చేస్తాం?"

"మరి ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్క మాట అనలేదే!"

"అంటే నువ్వు సిగ్గుపడి ఊరొదిలిపోయేవాడివి. అప్పుడావిడ లేచిందంతా దండగ కాదూ?"

నేను చూశాను ఆ మొహాల్ని. అప్పుడప్పుడూ తగువాడిన మొహాలు, నన్ను చూసి దవడలాడించిన మొహాలు. ఇప్పుడు పెద్దవాళ్ళయిన ఆ పిల్లలకీ తెలుసు. వాళ్ళ అమ్మలకీ తెలుసు. ఊరు ఊరంతా ఒక రహస్యాన్ని నా దగ్గర దాచి, నన్ను నిలుపుకుంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

"చాల్లే మీ ముచ్చట" అంది అత్త. "ముందు నేలకి పొయ్యి. దానికి దాహంగా ఉంది."

కళ్ళ నిండా నీళ్ళతో వంచితే, మూడు చుక్కలకు బదులు చిప్పంతా ఒలికిపోయింది. మళ్ళీ నింపి ఆమె చేతికిచ్చాను. ఆమె ముత్యాలు చూసింది. అవి చిప్ప అంచు చుట్టూ చేరి, కదలకుండా నిలబడ్డాయి. ఒక గుక్క నోట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"బాగుంది" అంది.

ఆ ఒక్క మాట కోసమే నేను ఆ ఆగస్టు వానలో కత్తి తీశాను. ఇప్పుడది చెవిన పడితే నమ్మబుద్ధి కాలేదు.

"మర్యాదకంటున్నావా అత్తా?"

ఆమె చిప్ప నా చేతికి తిరిగిచ్చి, టైరు చెప్పు సర్దుకుంటూ, ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది.

"మర్యాదలు బయటివాళ్ళకయ్యా. నువ్వు ఇంటివాడివి."